నింపుకునే తుపాకి

తుపాకి లైసెన్సు పుస్తకం తెరిస్తే అందరూ మొదట చూసేది ఫొటో, ఆ తర్వాత ముద్ర. నా చూపు మాత్రం తూటాల గడి మీదికే పోయేది. ఒకేసారి దగ్గర ఎన్ని ఉంచుకోవచ్చు, ఏడాది మొత్తానికి ఎన్ని కొనుక్కోవచ్చు అని అందులో రెండు అంకెలు రాస్తారు. అనంతపురం కలెక్టరేటులో ఆయుధాల ఫైళ్లు చూసే గుమస్తాగా నేను కూర్చున్న కాలంలో ఆ గడి చదివితే చాలు, ఎదురుగా నిలబడినాయన ఎట్లాంటివాడో సగం తెలిసిపోయేది. డి.బి.బి.ఎల్. అంటే రెండు గొట్టాల పన్నెండు బోరు తుపాకి. అది పెట్టుకున్నవాళ్లు జీపులో వచ్చేవాళ్లు, వాళ్ల గడిలో అంకెలు నిండుగా ఉండేవి. ఎం.ఎల్. అని రాసి ఉంటే అది నోటి నుంచి మందు పోసి దట్టించే పాతకాలపు తుపాకి, మన నాటు తుపాకి. దానివాళ్లు పొద్దున మొదటి బస్సు దిగి, చెట్టు కింద సద్ది తిని, పంచె సర్దుకుని లోపలికి వచ్చేవాళ్లు. కుందుర్పి, తలుపుల, నల్లమాడ, మడకశిర, అన్నీ గుట్టల పక్క ఊళ్లు.

ఏడాదికి ఎన్ని తూటాలు కావాలప్పా అని కొత్తగా వచ్చిన ఒక ఆఫీసరు వాళ్లలో ఒక పెద్దాయన్ని అడిగినాడు. "తూటాలు యాడివి సామీ, మేమే నింపుకుంటాము కదా" అన్నాడాయన, అడగరాని ప్రశ్న అడిగినట్టు చూసి. పక్కనే ఉన్న నాకు ఆ జవాబు పట్టుకుంది. తుపాకి పేల్చడం గురించి చరిత్ర పుస్తకాలు చాలా చెబుతాయి. నింపడం ఎవరి చేతిలో ఉండేది, ఎప్పుడు ఆ చేయి మారింది అన్న సంగతి పెద్దగా చెప్పవు. నాకు తెలిసినంతలో ఈ సీమ కథ అక్కడే ఉంది.

ఎం.ఎల్. తుపాకి పట్టుకున్న మనిషికి ప్రతి దెబ్బా ఇంట్లో తయారైనదే. గొట్టం నోట్లో మందు పోయాలి, పీచో గుడ్డపేలికో కుక్కి కడ్డీతో దట్టించాలి, సీసపు గుండో రవ్వలో వేయాలి, అవి జారకుండా మళ్లీ కుక్కాలి. చెవి దగ్గర నిప్పు అంటుకునే ఏర్పాటు వేరే. పాతవాటిలో ఆ చెవిలో రంజకం పోసి, జామగిరి అనే నిప్పు వత్తితో అంటించేవాళ్లు. తర్వాత గుర్రం అనే చిన్న సుత్తి రాగి టోపీ మీద కొట్టే రకం వచ్చింది. మందు ఉంచుకునేది పశువు కొమ్ములో. దాని మూతే కొలత. ఎంత పోయాలన్నది తండ్రి చేతిని చూసి కొడుకు నేర్చుకోవలసిందే, కాగితం మీద ఎక్కడా ఉండేది కాదు. తక్కువైతే పంది నవ్వుకుంటూ పోతుంది, ఎక్కువైతే గొట్టం చీలుతుంది. కుడిచేతి బొటనవేలు లేని లైసెన్సుదారులు వేలిముద్ర వేయడానికి ఎడమ చేయి చాపడం చూసినవాడిని నేను. ఏమైందని అడిగితే, కరెంటు మోటారులో పడిందని చెప్పేవాళ్లు. మెడికల్ కాగితం అడిగేంత కటువు నాకు లేదు.

మరి ఆ మందు ఎక్కడ నుంచి వచ్చేది? తుపాకిమందుకు కావలసినవి మూడు: సూరేకారం, బొగ్గు, గంధకం. గంధకం ఒక్కటే బయటి సరుకు, సంతకు పోతే వర్తకుడి దగ్గర దొరికేది. మిగతా రెండూ ఈ నేల ఇచ్చినవే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపుగా వాన పడే చోట, పడిన వాన కూడా నేల లోపలికి దిగకముందే ఎండ పీల్చేసే చోట, మట్టిలోని లవణాలు పైకి తేలి తెల్లగా పొరకడతాయి. పంటకు చేటు చేసే ఆ చవుడే ఉప్పరవాళ్లకు సొమ్ము. పాత ఊరి దిబ్బల మట్టి, పశువులు కట్టేసిన చోటి మట్టి తెచ్చి, నీళ్లు పోసి వడకట్టి, ఆ నీళ్లను ఎండకో పొయ్యి మీదో ఇగరబెట్టేవాళ్లు. ఒక మట్టిలోంచి మట్టి ఉప్పు, ఇంకో మట్టిలోంచి సూరేకారం. బళ్లారి, అనంతపురం పల్లెల్లో మట్టి ఉప్పు తినడం అప్పట్లో మామూలే. సముద్రపు ఉప్పు ఇక్కడికి ఎద్దుబండి మీద రావాలంటే దాని ధర బండితో పాటే పెరిగేది. ఇక బొగ్గుకు గట్టి కట్టె పనికిరాదు, తేలికగా కాలి మెత్తగా నలిగేది కావాలి. జిల్లేడు, కందికట్టె అందుకు పేరుపొందినవి. కరువు ఏడు కూడా జిల్లేడుకు కరువు లేదు కదా. ఇంత చెప్పి పాళ్లు మాత్రం చెప్పను, నా ఉద్యోగం పోయినా అలవాటు పోలేదు.

ఆ మందుకు పెద్ద గిరాకీ పాళేగాళ్లది. రాయదుర్గం, కళ్యాణదుర్గం, రత్నగిరి, అనంతపురం హండే నాయకులు, ఇట్లా కొండకొక దుర్గం, దుర్గానికొక నాయకుడు. 1800లో నిజాం ఈ దత్తమండలాలను కంపెనీకి అప్పగించినాక, కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో లెక్క చూస్తే ఎనభై మంది దాకా పాళేగాళ్లు, వాళ్ల వెనక 30,000 దాకా ఆయుధాలు పట్టిన బంట్రోతులు తేలినారు. ఆ బంట్రోతుల్లో ఎక్కువమంది బోయలు. వీళ్లకు జీతం నెల నెలా నోట్లలో రాదు, కట్టుబడి ఇనాం కింద మాన్యం ఉంటుంది. పిలిస్తే తుపాకీతో రావాలి, లేనప్పుడు ఆ చేను దున్నుకోవాలి. అంటే తుపాకి, నాగలి ఒకే గోడకు ఆనించి ఉండేవి. హైదరు, టిప్పు సైన్యాల్లో బోయ కాల్బలానికి అంత పేరు రావడానికి ఇదే మూలం. చిన్నప్పటి నుంచి అడవిలో ఒక్క దెబ్బకు వేట పడాలి, తప్పితే రెండోసారి నింపేలోపు జింక కొండ దాటుతుంది. నింపడం ఎంత కష్టమైతే గురి అంత బాగుపడుతుందని నా నమ్మకం.

ఇక్కడ గుత్తి సంగతి చెప్పకపోతే నా ఊరివాళ్లు ఊరుకోరు. మరాఠా నాయకుడు మురారిరావు ఘోర్పడే గుత్తి కొండ మీద కూర్చుంటే కింద మైదానమంతా కనపడేది. ఆయన కూర్చునే మంటపాన్ని ఇప్పటికీ చూపిస్తారు. హైదరు అలీ ముట్టడించినాడు. ఆ కొండను ఫిరంగులు దించలేదు. పైన బావుల్లో నీళ్లు అయిపోయినాయి, 1776లో కోట హైదరు చేతికి వచ్చింది. మందు, గుండ్లు, కోట గోడలు అన్నిటికీ పైన ఈ సీమలో చివరి మాట నీళ్లదే.

మన్రో పాళేగాళ్లను అణిచిన తీరు అందరికీ తెలిసినదే. జనరల్ క్యాంప్‌బెల్ సైన్యం ఒక చేత్తో, పింఛను కాగితం ఒక చేత్తో. లొంగినవాడికి భరణం, లొంగనివాడికి ముట్టడి. కంపెనీ డైరెక్టర్లకే అది కటువుగా తోచి మందలించినారు. కానీ నాకు ముఖ్యంగా కనిపించేది పాళేగాళ్ల కింద ఉన్న కట్టుబడివాడి గతి. నాయకుడికి పింఛను వచ్చింది. వీడికి తుపాకి ఉంది, నింపడం తెలుసు, పిలిచేవాడు లేడు. తర్వాత తర్వాత మాన్యాల మీద కూడా సర్కారు చేయి వేసింది. 1846లో పక్కనే కోయిలకుంట్ల సీమలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పిలుపుకు కదిలినవాళ్లలో ఇట్లాంటి కట్టుబడి బోయలు చాలామంది. ఆయనది తగ్గిపోయిన భరణం గొడవ, వీళ్లది పోతున్న మాన్యం గొడవ. మందు మాత్రం ఇద్దరిదీ ఒకే కొమ్ములోది. 1847 ఫిబ్రవరిలో ఆయన్ని ఉరి తీసినారు.

1857 తిరుగుబాటు దొరలకు ఒక పాఠం నేర్పింది, అదీ తూటాతోనే. కొవ్వు పూసిన కాగితపు తూటా నోటితో కొరకాలన్న మాట ఎంత అగ్గి పుట్టించిందో బడిపిల్లలు కూడా చెబుతారు. ఆ తర్వాత 1860లో ఒక ఆయుధాల చట్టం, 1878లో వైస్రాయి లిట్టన్ కాలంలో అంతకంటే గట్టి చట్టం వచ్చినాయి. 1878 చట్టాన్ని తుపాకి లైసెన్సు చట్టమనే అందరూ అంటారు. నేను దాన్ని ఉద్యోగరీత్యా చదివినాను కాబట్టి ఇంకో సంగతి పట్టుకున్నాను. సైనిక సామగ్రి అనే మాటకు అర్థం చెప్పే చోట సీసం, గంధకం, సూరేకారం అని పేరు పెట్టి రాసి, కావలసిన చోట వీటిని కూడా చట్టం కిందికి తీసుకురావచ్చని అధికారం పెట్టుకున్నారు. తుపాకి గొట్టం ఇనుప ముక్క, దాన్ని గడ్డివాములో దాచేస్తే ఎవడు వెతుకుతాడు? మందు దొరక్కపోతే అది కర్రతో సమానం. ఆ చట్టం రాసినవాడికి ఈ లెక్క బాగా తెలుసు.

మరోవైపు ఉప్పు శాఖ తన దారిన తాను వస్తూ ఉంది. సూరేకారం కాచేటప్పుడు తినే ఉప్పు కూడా పక్కనే తేలుతుంది. ఉప్పు మీద పన్ను ఉన్నప్పుడు ఆ పక్క ఉప్పు దొంగ సరుకవుతుంది. 1889 మద్రాసు ఉప్పు చట్టం నాటికి మట్టి ఉప్పు మీద పట్టు బిగిసి, ఉప్పరవాళ్ల కుండీలు ఒక్కొక్కటే ఎండిపోయినాయి. వాళ్లు చెరువు పనులకు, బావుల తవ్వకానికి, కట్టడాలకు మళ్లినారు. మందు వాడకం ఆపాలని ఉప్పు శాఖ అనుకోలేదు, దాని చూపు పన్ను మీద. కానీ ఈ రెండు శాఖలు చెరో చివర పట్టుకుని లాగితే మధ్యలో తెగినది పల్లె చేతి పని.

లైసెన్సు ఎవరికి అక్కర్లేదో కూడా చెప్పాలి. 1878 చట్టం కింది నియమాల్లో యూరోపియన్లకు మినహాయింపు. ఆ వివక్ష మీద కాంగ్రెసు 1887 మద్రాసు సభలోనే తీర్మానం చేసింది. గుత్తి వకీలు కేశవ పిళ్లె 1885 మొదటి సభకు బొంబాయి పోయి వచ్చిన మనిషి. ఆయన ఊరికి దగ్గర్లోనే, 1893లో, గుంతకల్లు రైల్వే గేటు దగ్గర తెల్ల సైనికులు ఆడవాళ్ల వెంట పడితే గేటు కాపలాదారు హంపన్న అడ్డు నిలిచి తుపాకి దెబ్బకు ప్రాణం వదిలినాడు. మద్రాసులో విచారణ జరిగి కాల్చిన సైనికుడు నిర్దోషిగా బయటపడినాడు. కేశవ పిళ్లె ఆ సంగతి దేశమంతా తెలిసేట్టు పోరాడినాడు. అది సైనికుడి తుపాకి, లైసెన్సు చట్టానికి నేరుగా సంబంధం లేదు, ఒప్పుకుంటాను. అయినా ఎవరి చేతిలో తుపాకి ఉండాలి, ఎవరు చేతులు ఊపుకుంటూ ఎదురుగా నిలబడాలి అన్నది గుంతకల్లు గేటు దగ్గర తేలినంత స్పష్టంగా ఏ గెజెట్‌లోనూ తేలలేదు. తుపాకి నియమాల్లో జాతి తేడా 1920 ప్రాంతంలో గానీ పోలేదు.

ఇంతవరకు చెప్పినది సర్కారు చేసినది. నిజానికి నింపేవాడి చేయి విరిచినది ఇంకొకటి, అది మిరియపు గింజ కంటే కాస్త పెద్దదైన ఒక రాగి టోపీ. స్కాట్లండులో అలెగ్జాండర్ ఫోర్సిత్ అనే పాదిరీకి బాతుల వేట పిచ్చి. చెకుముకి రాయి మెరుపు చూసి పక్షి ఎగిరిపోతోందని విసిగి, దెబ్బ తగిలితే పేలే రసాయనంతో నిప్పు పుట్టించే పద్ధతికి 1807లో పేటెంటు తీసుకున్నాడు. దాని నుంచే తర్వాత టోపీ వచ్చింది. వాన పడినా పేలుతుంది, వత్తి ఆరిపోతుందన్న భయం లేదు. బోయ వేటగాడికి వరమే. కానీ బొగ్గు చేసుకున్నట్టు దాన్ని ఇంట్లో చేసుకోలేడు. మందు తనది, గుండు తనది, నిప్పు మాత్రం పట్నం దుకాణానిది. తరాల తర్వాత నా బల్ల ముందుకు వచ్చిన రైతులు మందు గురించి ఎప్పుడూ ఏమీ అడగలేదు (అడగకపోవడంలో తెలివి ఉంది). "టోపీలు దొరకడం లేదు సార్" అనేదే వాళ్ల మొర.

టోపీ, మందు, గుండు మూడూ ఒకే ఇత్తడి గుల్లలో చేరినప్పుడు తూటా పుట్టింది. అక్కడి నుంచి కథ రెండు దేశాల్లో రెండు దారులు పట్టింది. అమెరికా పడమటి మైదానాల్లో దుకాణం దూరం, తూటా ఖరీదు. పేలిన గుల్లను పారేయకుండా మళ్లీ నింపుకోవడం వేటగాళ్లకు అలవాటైంది. 1884లో జాన్ బార్లో అనేవాడు కనెక్టికట్‌లో ఐడియల్ అనే కంపెనీ పెట్టి అందుకోసం చేతి పనిముట్లు అమ్మినాడు. 1958లో రిచర్డ్ లీ ఒక సుత్తితో కొట్టి నింపుకునే చిన్న పెట్టె తెచ్చి, సామాన్యుడి బల్ల మీదికి ఆ పనిని చేర్చినాడు. డాలస్‌లో స్థిరపడిన మా అక్క కొడుకు ఒకసారి వీడియో కాల్‌లో తన కారు షెడ్డులో బల్ల చూపించినాడు. ఒక మీట ప్రెస్సు, చిన్న త్రాసు, వరసగా పేర్చిన ఇత్తడి గుల్లలు. పాత టోపీ తీసి, గుల్లను సాపు చేసి, కొత్త టోపీ పెట్టి, పుస్తకంలో రాసినంత మందు గ్రెయిన్లలో తూచి పోసి, పైన గుండు బిగిస్తాడట. ఏడు వేల గ్రెయిన్లు కలిస్తే ఒక పౌను. మొదలుపెట్టేవాళ్లు పుస్తకంలో అన్నిటికంటే తక్కువ కొలతతో మొదలుపెట్టాలి, ఒక డబ్బా మందే బల్ల మీద ఉంచుకోవాలి, టీవీ పెట్టుకోకూడదు, అని పిల్లవాడు నాకు పాఠం చెప్పినాడు. "మామా, ఇది పూజ చేసినట్టు చేయాల" అన్నాడు. వాడి త్రాసుకు, కుందుర్పి పెద్దాయన కొమ్ము మూతకు మధ్య తేడా చాలానే ఉంది. పని మాత్రం అదే పని. పొగ రాని మందు 1884లో ఫ్రాన్సులో పాల్ వియెయ్ కనిపెట్టినాక ఆ త్రాసు లేకుండా కుదరదు. పాత తుపాకిమందు చేయి జారినా ఒక్కోసారి క్షమిస్తుంది, ఇది క్షమించదు.

అదే పిల్లవాడు అనంతపురంలో ఆ ప్రెస్సు బిగిస్తే? పదకొండో గుల్ల నింపే లోపలే పోలీసు జీపు వచ్చేది. 1959 ఆయుధాల చట్టం, 1962 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చినది, మందుగుండుకు ఇచ్చిన అర్థంలో దాన్ని తయారు చేసే యంత్రాలను కూడా కలిపింది. తయారీకి వేరే లైసెన్సు ఉండాలి, తుపాకి లైసెన్సు అందుకు పనికిరాదు. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేని తయారీకి కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. తుపాకి నీదే, చేను నీదే, కానీ తూటా పుణె దగ్గర కిర్కీలో పుట్టాలి. 1869లో దొరలు పెట్టిన ఆ ఫ్యాక్టరీ నుంచి వచ్చే శక్తిమాన్ పన్నెండు బోరు తూటాల పెట్టె కోసం జీపుల్లో వచ్చే లైసెన్సుదారులు కూడా దుకాణం చుట్టూ తిరగవలసిందే. వాళ్ల తాతలు ఇత్తడి గుల్లలు తెప్పించుకుని, వేట సీజనుకు ముందు వసారాలో కూర్చుని నింపుకున్నవాళ్లే. ఆ సరంజామా ఇప్పుడు అటక మీద కూడా ఉండకూడదు.

ఈ కట్టడి తప్పా? నేను ఫైళ్లు చూసిన సీమ ఫ్యాక్షన్ సీమ. నాటుబాంబు చుట్టిన చేతులు తెగిపడిన ఊళ్లు నాకు తెలుసు. పందికని పెట్టిన మందుగుండు ఉండ కొరికి దవడ పోయిన ఆవును చూసినాను. మందు ఇంట్లో ఉండనివ్వాలి అని వాదించే నోరు నాకు లేదు. నా పేచీ ఒక్కటే. అదే 1959 చట్టంలో పదమూడో సెక్షను, నిజంగా పంట కాపాడుకునేవాడికి నోటి నుంచి నింపే తుపాకి లైసెన్సు ఇవ్వాలని చెబుతుంది. నింపే తుపాకి చేతిలో పెట్టి, నింపడానికి కావలసినది ఎక్కడ కొనాలో చెప్పకపోతే ఆ సెక్షను ఎవరి కోసం?

అనంతపురం చేలన్నీ చెనక్కాయ మీద పడినాక ఈ ప్రశ్న ముదిరింది. పందికి చెనక్కాయ అంటే ప్రాణం. ఊడ దిగి కాయ ఊరే రోజుల్లో రాత్రికి రాత్రి ఒక మడిని దున్నినట్టు పెళ్లగించి పోతుంది. 1972 వన్యప్రాణి చట్టం వచ్చినాక దాన్ని కాల్చడానికి కూడా అనుమతి కావాలి. కాబట్టి తుపాకి చాలావరకు చప్పుడుకే. గుండు లేకుండా మందు మాత్రం పోసి పేలిస్తే మంద బెదిరి కొండెక్కుతుంది, రెండు రాత్రులు రాదు. మూడో రాత్రి వస్తుంది.

దీనికి తోడు ఎన్నికలు. నోటిఫికేషన్ రాగానే లైసెన్సు తుపాకులన్నీ స్టేషనులో అప్పగించమనేవాళ్లు. పంచాయతీ, మండలం, అసెంబ్లీ, పార్లమెంటు అన్నీ వరసపెట్టి వచ్చిన ఏడు కొందరి తుపాకి ఇంట్లో కంటే స్టేషనులోనే ఎక్కువ రోజులు ఉండేది. మెడకు చీటీ కట్టించుకుని, మూల నిలబడి, తుప్పు పట్టి తిరిగి వచ్చేది. తర్వాత కంప్యూటర్‌లో ప్రతి లైసెన్సుకూ ఒక ప్రత్యేక నంబరు ఉండాలన్నారు. పాత పుస్తకాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగలేక, తండ్రి పోయినాక కొడుకులు పేరు మార్చుకోలేక, చాలామంది వదిలేసుకున్నారు. 2022లో జిల్లా రెండుగా చీలినప్పుడు కదిరి, పెనుకొండ, మడకశిర వైపు ఫైళ్లు పుట్టపర్తికి పోయినాయి. అప్పటికి ఎం.ఎల్. కట్ట బాగా సన్నబడి ఉంది.

నేను దిగిపోయే ముందు ఏడు, కుందుర్పి పెద్దాయన కొడుకు వచ్చినాడు. చేనుకు బ్యాటరీ కంచె వేయించుకున్నాడు, నాయన తుపాకి సరెండర్ చేస్తానన్నాడు. అర్జీ రాయించినాను, స్టేషను రసీదు జత చేసినాము. సంచిలోంచి మందు కొమ్ము కూడా తీసి బల్ల మీద పెట్టినాడు. ఖాళీది, మూతకు నూలుదారం కట్టి ఉంది.

"దీనికి కూడా రసీదు ఇయ్యండి సార్" అన్నాడు.

లైసెన్సు పుస్తకంలో దానికి గడి లేదు. ఇంటికి తీసుకుపో నాయనా అని చెప్పి, తుపాకి ఒక్కదానికే ముద్ర వేయించి పంపినాను.